పుర్రచెయ్యి

ఆమె మఠం విడిచి వచ్చిన రోజు
మా అబితిబి రాగిగనుల ఊళ్ళో
మార్చి మంచు, పొగగొట్టాల మసి కలిసి
పాత చెప్పుల రంగులో ఉందట.

పక్క తలుపులోంచి పంపారు,
మిగతావాళ్ళు ప్రార్థనలో ఉన్న వేళ చూసి.
కవరులో కొద్దిపాటి డాలర్లు,
ఎవరో పోయినావిడ కోటు,
ఇరవై రెండేళ్ళు ముసుగు కింద నలిగిన జుట్టు
ఈకలింకా రాని పిట్టపిల్లలా.
నిన్నటిదాకా సిస్టర్ సేంట్ ఎలూవా.
ఇవాళ జెర్వేజ్ వాషాన్.
ఆ పేరుతో పిలిస్తే చాన్నాళ్ళు
వెనక్కి తిరిగి చూసేది,
ఇంకెవర్నో అనుకుని.

రొట్టె ధర తెలీదు.
చిల్లరంతా అరచేతిలో పరిచి
దుకాణం ముసలాయన ముందు చాపేది.
ఆయన తక్కువే తీసుకునేవాడు.
మా అమ్మ మాత్రం అనేది:
మొగుణ్ణి వదిలేసినదాన్నైనా నమ్మొచ్చు గానీ
దేవుణ్ణే వదిలేసినదాన్ని నమ్మేదెలా?

సెప్టెంబరులో ఆమె మా బడికొచ్చింది.
నాకప్పుడు ఏడేళ్ళు.
నాదీ పుర్రచెయ్యే.

నాదీ అని ఎందుకన్నానంటే,
మా అన్న వాల్మోర్ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.
పదేళ్ళ కిందట, ఇదే గదిలో, నల్లటి అంగీలో
వాడి ఎడమచేతిని బెంచీకి కట్టేసింది ఆమే,
వాడి బూటు తాడుతోనే.
కోప్పడలేదు. గొంతు పెంచలేదు.
మెత్తగా కట్టింది, రక్తం ఆగకుండా
వేలు పెట్టి చూసి మరీ.
ఆ మెత్తదనమే వాడు మర్చిపోలేకపోయాడు.
ఇప్పుడు పదిహేడేళ్ళు, గనిలో.
జీతం కాగితం మీద ఇంటూ గుర్తు.

మొదటి రోజు హాజరు పిలుస్తూ
మా ఇంటిపేరు దగ్గర ఆగింది.
"వాల్మోర్ చెల్లెలివా?"
తలూపాను. చెయ్యి తొడకింద పెట్టుకుని
దానిమీద కూర్చున్నాను.
ఆమె ఇంకేమీ అడగలేదు.
బోర్డువైపు తిరిగింది.
సుద్దముక్క కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చి
తారీఖు రాయడం మొదలుపెట్టింది.

జీతాలరోజు రాత్రి
సారా కొట్టులోంచి బయటపడ్డ మనుషుల్లా
ఒకదానిమీదొకటి పడ్డాయి అక్షరాలు.
సుద్ద రెండుసార్లు విరిగింది.
తరగతంతా నవ్వింది, నేను కూడా.
"ఈ చేత్తో నేనూ ఒకటో తరగతే" అంది,
కిందపడ్డ ముక్క ఏరుకుంటూ.
ఆ చలికాలమంతా రోజూ అలాగే రాసింది.
క్రిస్మస్ నాటికి అంకెలు నిలబడ్డాయి.
అక్షరాలు, ఇంకా.

నవంబరులో ఒక మంగళవారం మా ఇంటికొచ్చింది.
గుమ్మంలో బూట్లు విప్పితే
మేజోడు బొటనవేలి దగ్గర చిరుగు.
అమ్మ కుర్చీ చూపించలేదు.
అన్న డ్యూటీ దిగి వచ్చేదాకా నిలబడే ఉంది.
"ఆ చేత్తో నువ్వేం రాసేవాడివో
నాకు తెలీకుండా పోయింది, వాల్మోర్.
చూడాలనుంది" అని
బల్లమీద నోటుబుక్కు పెట్టింది.
"నిద్రొస్తోంది" అని అన్న మేడెక్కేశాడు.

పై మంగళవారం మళ్ళీ వచ్చింది.
ఆ పై మంగళవారం.
ఎన్నో వారమో గుర్తులేదు,
అమ్మ తనే కుర్చీ జరిపింది, మాట్లాడకుండా.

అన్న చదువుకున్నాడని చెప్పను.
జీవితంలో ఒక పుస్తకం పూర్తిచేసిన పాపాన పోలేదు.
పేరు రాయడం వచ్చింది, అంతే,
ఎడమకి వాలిపోయే పేరు.
ఆమెకీ తెలుసు అది చాలదని.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పాఠాలు చెప్పింది,
ఇనుప సామాన్ల కొట్టు పైన అద్దెగదిలో ఉంటూ.
దేవుణ్ణి వదిలేసిందన్న మాట కూడా నిజం కాదు.
ఆదివారాలు చర్చిలో చివరి బెంచీలో
కోటు విప్పకుండా కూర్చునేది,
బస్సు కోసం ఆగినట్టు.

ఆమెను పాతిపెట్టిన రోజు
చర్చి గుమ్మంలో సంతకాల పుస్తకం.
నాకంటే ముందు అన్న ఉన్నాడు, దగ్గుతూ.
కలానికి దారం కట్టి ఉంది, కుడిపక్కన.
పొట్టి దారం, ఎడమచేతికి అందదు.
వెనక జనం ఆగారు.
వాడు తొందరపడలేదు.
పుస్తకాన్నే తిప్పుకున్నాడు.