పిన్నుల వెనక నుంచి

మీరంతా ఆయన వీపు చూశారు.
నేను మొహం చూశాను.

నూనె రాసిన అరవై అడుగుల మేపుల్ చెక్కకి
ఆ చివర వెలుగులో ఆయన.
ఈ చివర యంత్రాల సందులో నడుం వంచి,
మోచేతుల దాకా గ్రీజుతో నేను.

కాజిమిర్ వ్రోబెల్.
వాళ్ళ పోలిష్‌లో వ్రోబెల్ అంటే పిచ్చుకట.
ఆరడుగుల రెండంగుళాల పిచ్చుక!
బంతి వదిలే ముందు పెదాలు కదిలేవి.
ప్రార్థన అనుకునేవాళ్ళు జనం.
అడుగులు లెక్కపెట్టుకునేవాడంతే,
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా.

బఫెలోలో శనివారాలంటే అప్పుడు శనివారాలు.
బయట మంచు కార్ల కిటికీల దాకా.
లోపల ఉక్కు కార్ఖానా మొదటి షిఫ్టు దిగినవాళ్ళు
అన్నం డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని,
చుట్టపొగ, బీరు, తడిసిన ఉన్ని కోట్ల వాసన,
టీవీ దీపాల వేడికి కరిగే ఆడవాళ్ళ పౌడరు.
ఆయన బంతి గట్టర్ అంచు మీద నడిచి నడిచి
ఇక పడ్డట్టే అనుకున్నప్పుడు,
పొయ్యి ఆర్పానో లేదో గుర్తొచ్చిన మనిషిలా
చటుక్కున వెనక్కి తిరిగేది.
తర్వాత ఫెళ్ళున ఆ చప్పుడు.
మీకది చప్పుడు. నాకు ఎముకల్లో పిడుగు.

నేను మొదట పిన్నులు చేత్తో నిలబెట్టిన కుర్రాణ్ణి.
నా రంగు వాళ్ళు పిన్నులు ఏరొచ్చు,
బంతి మాత్రం ముట్టుకోకూడదు, ఆ రోజుల్లో.
యంత్రాలొచ్చాక యంత్రాలు చూసే పని ఇచ్చారు.
లెమ్యుయెల్ అన్న నా పేరు పూర్తిగా పిలిచినవాడు
ఆ హాల్లో ఆయనొక్కడే.

అరవై నాలుగు, ఫిబ్రవరి.
వరసగా పదకొండు స్ట్రైకులు.
పన్నెండోదీ పడితే మూడొందలు, కొత్త కారు,
ఊరంతా తాగడానికి ఒక కారణం.
బంతి వచ్చింది. తొమ్మిది పోయాయి.
మీకు కుడి మూల, నాకు ఎడమ మూల,
పదో పిన్ను.
ఒకటి దొర్లుకుంటూ వచ్చి దాని భుజం తట్టింది.
ఊగింది.
ఊగింది.
నిలబడింది.

చెయ్యి చాస్తే అందే దూరంలో ఉన్నాను.

ఆట గెలిచాడు, ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు.
రెండొందల తొంభై తొమ్మిది గుర్తుంది.
దీపాలార్పేశాక వెనక్కొచ్చాడు,
కప్పు ఎక్కడో మర్చిపోయి.
"లెమ్యుయెల్, అది బరువైనదా?"
"లేదు" అన్నాను.
"అయితే తప్పు నాదేలే" అని నవ్వి
నాకో సిగరెట్ ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున ఒక పిన్ను చీలితే
పాత సెట్టులోంచి నేనే తెచ్చి పెట్టాను దాన్ని.
రాత్రి వంటింటి తక్కెడలో తూచాను.
మిగతావాటి కన్నా రెండు ఔన్సులు ఎక్కువ.
ఆ తర్వాత పదకొండేళ్ళు
మూల పిన్ను ఆయనకి ఒక్కసారీ తప్పలేదంటారు.
అంటారు. నేను లెక్క రాయలేదు.
గుంపుల్లేని హాళ్ళలో, ఆ మూలకే గురిపెట్టి
వందలసార్లు విసరడం మాత్రం చూశాను.
మణికట్టుకి కట్టు కట్టుకుని మరీ.

కార్ఖానా మూతపడింది. శనివారాలు ఖాళీ అయ్యాయి.
మన హాల్లో ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు.
పదిహేడో లేన్ ఉన్నచోట జంటలు పడుకుని చూసుకుంటారు
మెత్తగా ఉందా, గట్టిగా ఉందా అని.

ఆయన పోయిన రోజు
చర్చి మెట్ల మీద ముసలివాళ్ళు,
జేబు మీద టీమ్ పేరు కుట్టిన పాత చొక్కాల్లో,
బొత్తాలు పట్టక.
కాగితం సంచిలో పిన్ను తీసుకెళ్ళాను.
పెట్టెలో పెడదామనుకున్నాను, ధైర్యం చాలలేదు.
కూతురు హలీనా చూసి చెయ్యి చాచింది,
రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తి చూసి
"ఏంటిది, ఇంత బరువుంది?" అంది.

ఆ మొహంలో ఆయన మొహం ఉంది.

"అవునమ్మా" అన్నాను,
"బరువైనదే."