పక్షి ముక్కు

పర్లాకిమిడిలో ఆ గదికి కిటికీ లేదు.
తలుపు మీద ఎర్ర దీపం వెలిగితే
బయట బెంచీ మీద మాటలు సన్నగిల్లుతాయి.

దిబాకర మహారణా, అరవై ఒకటి.
మెతుకు దిగడం లేదని మూడు నెలలుగా.
బేరియం గ్లాసు చేతికిస్తే వాసన చూసి
"సున్నం నీల్లేటి?" అన్నాడు.
స్ట్రాబెర్రీ వేశారు, నమ్మకు తాతా, సుద్దే అన్నాను.

సీసం ఏప్రన్ ఏడు కిలోలు.
పదకొండేళ్ళుగా దాని లెక్క నా నడుముకే తెలుసు.
రొమ్ము దగ్గర బ్యాడ్జీ
మూడు నెలలకోసారి పోస్టులో వెళ్ళి
నేనెంత తిన్నానో చాడీ చెప్పి వస్తుంది.

ఎక్స్‌రే ఒక్క క్షణాన్ని మేకు కొట్టి బిగిస్తుంది.
ఇది అలా కాదు.
మింగమంటే, మింగడమే కనిపిస్తుంది.

బల్లని నిలువుగా లేపాను, అతన్ని ఆనించాను.
వెనక గొట్టం, ముందు డబ్బా,
మధ్యలో మనిషి.
పెడల్ తొక్కితే కిరణాలు వీపులో దూరి
ఎముక దగ్గర కొన్ని ఆగిపోయి
బేరియం దగ్గర చాలా ఆగిపోయి
కొన్ని దారి తప్పి నా మీదికీ వచ్చి
మిగిలినవి డబ్బా చేరతాయి.
చేరేది నీరసపు నీడ.
సూదుల్లాంటి స్ఫటికాలు దాన్ని వెలుగు చేస్తే
వెలుగు ఎలక్ట్రాన్లయి
పాతికవేల ఓల్టులు తరుముతుంటే పరిగెత్తి
రూపాయి బిళ్ళంత తెరకి గుద్దుకుంటాయి.
అక్కడ ఆ నీడే, వేల రెట్లు కాంతితో.

మా మేష్టారికి పాఠం చెప్పినాయన కాలంలో
ఈ డబ్బా లేదట.
ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకుని
కళ్ళకి ముందు చీకటి నేర్పి
అప్పుడు చూసేవారట.

"మింగు తాతా."
నల్లటి ధార మెడ దాటింది.
గుండె వెనకనుంచి జారింది.
కింద గుమ్మం దగ్గర నిలబడింది.
గుమ్మం తెరుచుకోలేదు.
పైన నిండుతూ, కింద సన్నబడుతూ
సన్నబడుతూ
ఒక మొన.

కాలు తీశాను. కిరణాలు ఆగాయి,
ఆఖరి బొమ్మ మాత్రం తెర మీదే ఉండిపోయింది.
డాక్టర్ స్వాగతిక మెల్లగా అంది, "పక్షి ముక్కు."
చదువుకున్న పేరే అది, మేం పెట్టింది కాదు.

తాత తల తిప్పాడు.
గేదె కొమ్ముని బొగ్గుల మీద మెత్తబరిచి
నలభై ఐదేళ్ళు కొంగలు చెక్కిన వేళ్ళు
గాలిలో ఆ గీతని ఒకసారి తడిమాయి.
"నాది కాదమ్మీ ఈ పని.
నా కొంగకి ముక్కు ఇంత వొంకర రాదు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. నేను ఆపుకోలేదు.

కొమ్ము కూడా కనబడతాదా ఇందులో, అన్నాడు చొక్కా తొడుక్కుంటూ.
గోరులాగే, లీలగా, అన్నాను.
"అయితే నాకు దీపం చాలు.
పలచగా గీకి ఎదురుగా పట్టుకుంటే
బీట ఎక్కడుందో దొరికిపోతాది.
నీకెందుకమ్మీ ఇంత కరెంటు?"

బరంపురంలో బుడగ పెట్టి గుమ్మం వెడల్పు చేస్తారని
చీటీ రాసిచ్చింది డాక్టరమ్మ.
రిజిస్టర్లో నేను రాసింది: కిరణాల కాలం,
ఒక నిమిషం యాభై రెండు సెకన్లు.

తర్వాతి పేరు పిలవాలంటే బొమ్మ చెరపాలి.
కాసేపు పిలవలేదు.
గ్లాసు కడిగాను.
అడుగున మిగిలిన సుద్ద
అచ్చం కొంగ రెట్ట.