పాత లిపి

ఆదోనిలో పత్తిధూళి ఇంకా దిగని సాయంత్రం
మౌలాబీ పరీక్షకు గట్టిగా చదువుతాంది:
"పర్షియానేలే మంగోలు రాజు కలిమా చదివినాడు.
పేరు మార్చుకున్నాడు.
దొరలంతా తలపాగాలు చుట్టినారు."

దూది ఏకుతా ఏకుతా
చిన్న కుళ్ళాయప్ప వింటినారి పట్టి ఆపె.
"నాణెం మీద?"
"ఒకపక్క కలిమా, నాయనా.
ఇంకోపక్క వాళ్ళ పాత లిపే."

"గుడారాలు?"
"అవే. ఉన్ని తడిపి, ఒత్తి చేసినవి."

"ఊఁ."
ఉన్ని మాట వింటానే చేతులు కదిలినాయి.
రేషను కార్డులో ఒక పేరు ఆయనకు,
నిఖా పుస్తకంలో ఇంకొకటి.

"మరి వాళ్ళమ్మ
అన్నానికి ఏమని పిలిచిందంట?"

మౌలాబీ పేజీ తిప్పింది,
వెనక్కీ తిప్పింది.

వంటింట్లోంచి జేజి:
"ఒరే బుడ్డోడా,
సంగటి చల్లారుతాంది!"