పదిహేడో చదరం

ఇస్కపల్లి తీరాన, అల తడిపిన గీత నుంచి
పడమరకి తాడు లాక్కుంటూ పోతున్నాం.
ఒక కొస నాది, ఒక కొస మస్తానయ్యది.
నడుమ నాగరత్నం మేడం, తలకి తువ్వాలు,
చంకలో అట్ట, క్లిప్పు కింద గింజుకునే ఫారాలు.

పది మీటర్లకో చదరం. నాలుగు మేకులు, చుట్టూ నవారు.
లోపలున్న ప్రతి పచ్చనిదానికీ పేరు రాయాలి,
ఎంత నేల కప్పిందో అంకె వెయ్యాలి.
ముప్పావు మించితే ఐదు, సగం దాటితే నాలుగు,
అట్టా దిగుతూ దిగుతూ
నూటికొక వంతైనా లేనిదానికి
కూడిక గుర్తు.
ఏది ఎక్కువుంటే దాని పేరే
ఆ గుంపు మొత్తానికీ ఇంటిపేరు.

మొదటి చదరాలు నల్లేరు మీద బండి నడక.
దిబ్బ నిండా రావణాసురుడి మీసాలు,
వాటి కాళ్ళ సందున చెవులపిల్లి తీగ.
"నా పిక్కల్నడగండి మేడం, ఐదు రాయండి" అన్నా.
గాలికి తెగిన ముళ్ళబంతొకటి దొర్లుకుంటా వచ్చి
నవారు దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి,
మనసు మార్చుకుని పోయింది.
దాన్ని లెక్కెయ్యాలా?
ఫారంలో దారినపొయ్యే వాళ్ళకి గడి లేదు.

మొగలి డొంక దాటితే ఉప్పు పర్ర.
ఇలకూర, వంగరెడ్డికూర, ఎండకి ఎర్రబారిన కాడలు.
మేడం నోట లాటిను, మస్తానయ్య నోట వంట:
"రెండుసార్లు ఉడకేసి నీళ్ళు పారబొయ్యాల,
ఆ తర్వాత పప్పులోకి దీన్ని మించింది లేదు."
ఎందుకో ఆవిడ అదీ రాసుకుంది, అంచులో, చిన్న అక్షరాల్తో.

పదిహేడు దగ్గర బండి దిగబడింది.
తూర్పు సగం ఇలకూర. పడమటి సగం
బలుసు, కలివి, వాటి నీడన ఈత పిలక.
మధ్యలో ఉప్పు పొక్కుల మీద
ఎవరి తరపూ కాని తుంగ.
ఇటు మూడు, అటు మూడు.
"పది అడుగులు జరుపుదామా మేడం?"
"జరిపితే ఇది లేనట్టేగా."

మస్తానయ్య గొంతుక్కూర్చుని
చిటికెడు మట్టి నాలిక్కి తాకించి ఊశాడు.
"తగువు నేలమ్మా ఇది.
వాయుగుండం వచ్చిన ఏడు సముద్రానిది,
వానలు నిలబడిన ఏడు మనది.
చిన్నప్పుడు ఈడే కలివిపళ్ళు తిన్నా.
నా పెళ్ళినాటికి ఈడే ఉప్పు గీక్కున్నాం."

మేడం పెన్ను జేబులో పెట్టి పెన్సిలు తీసింది.
ఇంటిపేరు గడిలో 'తగువు నేల' అని రాసింది.
పక్కన ప్రశ్న గుర్తు కూడా పెట్టలేదు.

ఆరేళ్ళకి అట్ట నా చంకలోకొచ్చింది.
ఆవిడ కందుకూరులో, కంటికి ఆపరేషనై, నల్లద్దాల్లో.
మస్తానయ్య మోకాళ్ళు వద్దంటే గట్టు మీదే ఆగాడు.
తాడు రెండో కొస మనవరాలు పట్టుకుంది.

మేకు దొరికింది, తుప్పు పట్టి, చోటు తప్పకుండా.
దాని నాలుగు పక్కలా సరుగుడు వరసలు,
పాఠశాల పిల్లల్లా ఎడం కొలిచి నిలబెట్టినవి.
సరుగుడు: ఐదు. ఇంటిపేరు: సరుగుడు.
అర నిమిషం పని.
ఇంత తేలికైన చదరం నేనెప్పుడూ రాయలేదు.

ఫోను చేశా. "పదిహేడు?" అంది, ఇంకేమీ అడక్కుండా.
"తేలిపోయింది మేడం."
అవతల ఫ్యాను చప్పుడు. కాసేపటికి,
"నిలబడి చూశావా, మోకాళ్ళేసి చూశావా?"

మోకాళ్ళేశా.
జానెడు మందాన రాలిన సూదుల పరుపు.
వేళ్ళతో పాయ తీసినట్టు తీస్తే, అడుగున, చెమ్మలో
గోరంత మొలక. రెండే ఆకులు,
అవీ విత్తులోనే పుట్టినవి, అసలాకు ఇంకా పెట్టలేదు.
బలుసో, ఇలకూరో, ఎటో కొట్టుకొచ్చిన మరేదో.

"ఏందమ్మాయ్ దొరికిందీ?" గట్టు మీంచి కేక.
"ఇంకా చెప్పట్లా తాతా!"

పేరు గడి ఖాళీగా వదిలి
దాని ఎదురుగా, పెన్సిల్తో,
కూడిక గుర్తు పెట్టా.