ఉత్తరాల తక్కెడ

ఆఫీసు మూసే వేళకి
ఉత్తరాలు తూచే తక్కెడ మీద పెట్టాను రెండింటినీ.
చిన్నది రెండొందల నలభై గ్రాములు.
పెద్దది, లెన్సుతో కలిపి, ఐదొందల అరవై.
మిర్రర్‌లెస్ అంటారట, లోపల అద్దం ఉండదట.
లేని అద్దానికి ఇంత బరువేమిటంటే
బార్దుర్ నవ్వాడు:
"ఇది మొదటి మెట్టే రన్‌వా,
అసలు బరువులు నువ్వింకా మొయ్యలేదు."

అతని దుకాణంలోది. వారానికి అరువిచ్చాడు.
చిన్నది నాదే. తొమ్మిదేళ్ళుగా నా కోటు జేబులో
తాళాలతో, ఉప్పుగాలితో,
సగం తిన్న చాక్లెట్‌తో కాపురం చేస్తోంది.

మార్చి ముప్ఫై ఒకటితో ఈ దారి రద్దు.
ఆ పైన ఉత్తరాలన్నీ పడవరేవు దగ్గర ఇనప పెట్టెల్లోకి.
ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి,
ఈ దీవిలో, ఈ గాలిలో.
అందుకే ఇరవై మూడు తలుపులు,
తలుపుకో ఫోటో.

బార్దుర్ బిల్లు వెనక పెన్సిల్‌తో గీశాడు:
చిన్నదాని సెన్సర్ నా చిటికెన గోట్లో సగం.
పెద్దదానిది స్టాంపంత.
స్టాంపంటే నాకు అర్థమవుతుంది.

సోమవారం పెద్దదాన్ని మెడలో వేసుకెళ్ళాను.
తుమ్మాస్ దాన్ని చూసి లోపలికెళ్ళి
చొక్కా మార్చుకొచ్చాడు.
పాస్‌పోర్టుకి నిలబడ్డట్టు నిలబడి
"పళ్ళు కనబడాలా?" అన్నాడు.

మంగళవారం చిన్నది.
మాలన్ బంగాళాదుంపల చెక్కు తీయడం ఆపనే లేదు.
మోచేత్తో తలుపు తోసి, తడిచేత్తో కరెంటు బిల్లు అందుకుని
కొడుకుని తిడుతూ వెళ్ళిపోయింది.
ఫోటో అయిందని ఆమెకి తెలీదు.
పిట్ట కొంచెం, అనుకున్నాను గర్వంగా.

రాత్రి పెద్ద తెర మీద చూస్తే
మాలన్ ముఖం మీద ముడతలు లేవు.
ఉండాల్సిన చోటంతా గంజి పూసినట్టు నున్నన.
నీడల్లో ఇసక.
తుమ్మాస్ గుండీకి వేలాడే దారప్పోగు మాత్రం
లెక్కపెట్టొచ్చు.
కానీ ఆ చొక్కా
పదకొండేళ్ళలో ఒక్కరోజూ ఆయన వంటిమీద చూళ్ళేదు.

బుధవారం వాన అడ్డంగా కురిసింది.
పెద్దది సంచి అడుగున, ఉత్తరాల కింద.
తీసేలోగా
గడప మీద పడుకున్న గొర్రె లేచి దులుపుకుంది,
నా మీద కూడా.

గురువారం గురించి చెప్పను. చలికి బ్యాటరీ చచ్చింది.

శుక్రవారం ఇరవై మూడో తలుపు, హైనీది.
చిన్నది కర్రుమని తెరుచుకోబోయి
లెన్సు సగం బయటపెట్టి
ముట్టుకున్న నత్తలా ఆగిపోయింది. ఉప్పు.
పెద్దది తీశాను.
తారు పూసిన తలుపు, పైన మబ్బు.
స్టాంపంత సెన్సర్‌లోనూ నలుపు నలుపే.

"ఆగు," అన్నాడు హైనీ.
"నాలుగింటికి వెలుతురు కొండ మీంచి ఒకసారి
ఇటు తొంగిచూసి పోతుంది. లోపలికి రా, కాఫీ తాగుదువు."

పదకొండేళ్ళు ఆ గుమ్మం దాకా వచ్చినదాన్ని,
వాళ్ళింటి గడియారం ఏ గోడకుందో
ఆరోజే తెలిసింది.
దాని కింద మేకు.
మేకుకి గుచ్చిన చీటీలు, నా రాత:
*మీరు ఇంట్లో లేరు. రేపొస్తాను. ర.*
*మీరు ఇంట్లో లేరు. రేపొస్తాను. ర.*
కొన్నింటి మీద వాన చుక్కలు అలానే ఎండిపోయాయి.
"ఎందుకు దాచారు?" అన్నాను.
"నువ్వు రేపు వచ్చేదానివిగా," అన్నాడు
చక్కెర డబ్బా వెతుకుతూ.

నాలుగింటికి తలుపు బయట ఏదో మెరిసింది కాబోలు,
కిటికీ గాజు పసుపయింది.
నా రెండు చేతుల్లోనూ కప్పుంది.

ఇరవై రెండు తలుపులున్నాయి నా దగ్గర.

"ఏది నయం?" అన్నాడు బార్దుర్ శనివారం.
పెద్దదాన్ని ఇంకో వారం ఉంచుకుంటానన్నాను.
చిన్నదాన్ని గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి
రిపేరుకి డెన్మార్క్ పంపాను.
తక్కెడ మీద మళ్ళీ తూచి
స్టాంపు నేనే అతికించాను.
వచ్చేసరికి నెల పడుతుందట.
ఇంటికి రాదు.
రేవులో పెట్టెకొస్తుంది.