తలుపు సగం

తెల్లారుజాము మూడూ నలభై. ఫిషింగ్ హార్బర్.
ఐసు ఫ్యాక్టరీ తలుపుకి ఇరవై అడుగుల దూరంలో
చెక్కపలకల మీద ట్రాలీ.
దాన్ని తోసే భూలోకరావుకి డైరెక్టర్ ఉత్పల చెప్పింది ఒక్కటే:
"తోస్తున్నట్టు నీకు కూడా తెలియకూడదు."

నేను సౌండు.
హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే
నాకు చలి కూడా వినపడుతుంది.

సినిమాలో ఇంకా ఎవరూ చావలేదు.
మొదటి పేజీ అంతా ఇంతే:
ఒకడు ఖాళీ చేపల ట్రే పట్టుకుని లోపలికెళతాడు.
వాడి వెనకాల తలుపు సగం మూసుకుంటుంది.
రెండో పేజీ దాకా వాడు బయటికి రాడు.

నిర్మాత తాలూకు మనిషి అడిగాడు,
"కత్తేదమ్మా, పోస్టరు మీద వేశాం కదా?"
"కత్తి చూపిస్తే కత్తినే చూస్తారు" అంది ఉత్పల.
"చూపించకపోతే
మూలమూలా వాళ్ళే వెతుక్కుంటారు."

లెన్సులోంచి చూస్తే
వెనక లంగరేసిన బోట్లన్నీ కరిగి రంగు మరకలయ్యాయి.
గొళ్ళెం ఒక్కటే పదును.
దాని మీద తడి,
ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు.

కొండ మీది లైట్‌హౌస్ మా మాట వినదు,
దాని చూపంతా సముద్రం మీదే.
అందుకని ఒక కుర్రాడు జీపు లైటు తిప్పుతున్నాడు
పది అంకెలకి ఒకసారి.
వెలుగు గొళ్ళేన్ని తాకి పోయింది.
మళ్ళీ వచ్చింది, తాకి పోయింది.
మూడోసారి రావలసినప్పుడు
రాలేదు.
ఆ చీకట్లో మనిషి తనంతట తనే లెక్కపెడతాడు:
ఎనిమిది, తొమ్మిది, పది,
పద...

అప్పటిదాకా లోపల ఐసు నలిపే మిషను గరగరమంటూనే ఉంది.
అది ఉన్నంతసేపూ ఎవరికీ భయం లేదు.
ఆగాక తెలుస్తుంది
ఇంతసేపూ అది దేన్నో కప్పిపెట్టి ఉంచిందని.

కట్ అన్నారు. టీ వచ్చింది.
ప్రతి లొకేషన్‌లోనూ నేనొకటి అడుక్కుంటాను:
నలభై సెకన్లు ఎవరూ కదలకండి,
ఈ చోటు నిశ్శబ్దం నాకు కావాలి.
నవ్వుతారు. కానీ
ఏ రెండు నిశ్శబ్దాలూ ఒకటి కావు.
అరకులో దానికి ఆకులుంటాయి.
హార్బర్లో తాళ్ళుంటాయి, కిర్రుమనే తాళ్ళు,
డీజిలు వాసన కూడా ఉంటుందంటే నా అసిస్టెంటు నమ్మడు.

నిలబడ్డారందరూ,
గ్లాసులు గాల్లో ఉన్నవి గాల్లోనే.
ఇరవై రెండో సెకను దగ్గర
తలుపు వెనక నించి ఊపిరి.

మా నటుడు వ్యాను పక్కన ఇడ్లీ తింటున్నాడు.
నా కళ్ళ ముందే.

ముంజేతి వెంట్రుకలు లేచాయి. రికార్డు ఆపలేదు.
నలభై అయ్యాక తలుపు తోసుకుని వచ్చాడు
ఎల్లాజీ, ఐసు మోసేవాడు,
భుజం మీద గోనెపట్టా.
"ఊపిరి కూడా ఆపీయాలని నాకు తెల్దు బాబూ."

తర్వాత ఎడిటింగ్ గదిలో కోదండపాణి గారు
తలుపు మీద కట్ చెయ్యాల్సిన చోట చెయ్యలేదు.
ఇంకో పన్నెండు ఫ్రేములు వదిలారు.
అరసెకను.
అరసెకనులో ఏముంటుందని నేను అడిగితే
తుఫాను రాత్రి జెట్టీ మీద
బోటు కోసం నిలబడ్డవాళ్ళని అడగమన్నారు.
సంగీతం వద్దన్నారు.
ఎల్లాజీ ఊపిరిని మాత్రం ఉంచారు,
వినీ వినపడనంత సన్నగా.

జగదాంబ దగ్గర మొదటాట.
ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కనే కూర్చున్నాడు.
గొళ్ళెం వచ్చింది. వెలుగు వచ్చింది, వచ్చింది,
రాలేదు.
హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు ఆగింది,
ముందు వరసలో పసిపిల్ల కూడా ఎందుకో ఊరుకుంది.
ఎల్లాజీ నా మణికట్టు పట్టుకున్నాడు.
ఐసు మోసిన చెయ్యి, ఇంకా చల్లగానే ఉంది.

"ఆ లోపలున్నోడు ఎవుడు బాబూ?"

ఇంటర్వెల్ దాకా చెప్పలేదు.