రెండు బీడీల దూరం

గుట్ట మీదుగా ఒక చుట్టు చుట్టి రావడానికి
ఎంతసేపు పడుతుందని అడిగితే
"రెండు బీడీల దూరం బిడ్డా" అన్నాడు సాయన్న.
డాక్టరు బీడీ మాన్పించి మూడేళ్లయింది.
ఇప్పుడా దూరానికి కొలత లేదు.

ఆదివారం, పొద్దున్న ఆరుంబావు. ఖాజాగూడ.
వేపచెట్టు నీడలో స్కూటీ పెట్టాను.
చాయ్ డబ్బా అతను ఇంకా స్టవ్ వెలిగించలేదు.

సాయన్న ముందు నడిచాడు.
మా ఆఫీసు సెల్లారులో ఈల నోట్లో పెట్టుకుని
రోజంతా కార్లను వెనక్కి, ఇంకా వెనక్కి రమ్మనే మనిషి
ఇక్కడ ఒక్కసారీ వెనక్కి చూడలేదు.

నాలుగేళ్లుగా ఈ గుట్టను ఎరుగుదును,
ఇరవై ఏడో అంతస్తు అద్దంలోంచి.
అక్కణ్ణుంచి చూస్తే
ఎవరో కందిపప్పులోంచి ఏరి
పక్కన పోసిన మట్టిబెడ్డల్లా ఉండేది.
ఇప్పుడు ఒక్కో బెడ్డ కిందా
మా మియాపూర్ ఫ్లాటు హాలూ వంటిల్లూ పడతాయి.

సీతాఫలం పొదల మధ్య సన్నటి దారి.
గడ్డిలో ఎవరి పుట్టినరోజుదో
కొవ్వొత్తి అంకె, రెండు.
పక్కన ఉండాల్సిన అంకె కోసం వెతికాను.
ఇరవై ఎంతో, మరి.

కౌజుపిట్టలు
పొద నుంచి పొదకు తగువు పంపుకుంటున్నాయి.
బండ మీద తొండ,
వీపంతా కుంకుమ, కిందంతా కాటుక,
మమ్మల్ని చూసి నాలుగు దండీలు తీసింది.
"పెండ్లికొడుకు" అన్నాడు సాయన్న, నవ్వకుండా.
పగుల్లోకి ఒక ఉడుము తోక జారిపోయింది.
చూసింది తోకే.
ఉడుమును చూశాననే చెప్పుకుంటాను.

చివరి ఎక్కు దగ్గర బూట్లు విప్పమన్నాడు.
"రాయికి పాదం తెలుస్తది. బూటు తెల్వది."
నిజమే,
రాత్రి చలి ఇంకా రాతిలోనే ఉంది.

పైన గాలి.
తూర్పున మంచులో గోల్కొండ,
గోడ కొస మాత్రం, పూర్తిగా చెరపని సుద్దగీతలా.
పడమర మా టవర్లు.
ఇరవై ఏడు లెక్కపెడదామని కింద నుంచి మొదలుపెడితే
పద్నాలుగు దగ్గర ఎండ కళ్లలో కొట్టింది.
మళ్లీ మొదటి నుంచి. మళ్లీ పద్నాలుగే.
రోజూ పది గంటలు కూర్చునే చోటు
నాకే దొరకలేదు.
ఎక్కడో జేసీబీ రివర్సులో కూస్తోంది.
ఒక నెమలి కేక దాన్ని
మధ్యలో తెంపేసింది.

అటువైపు దిగాం.
దిగువన ఒక గుండు. దాని నడుం మీదుగా
బొటనవేలు పట్టేంత రంధ్రాలు, వరసగా.
సాయన్న ఆగాడు, ఈ నడకలో మొదటిసారి.
వేలు పెట్టి లెక్కించాడు. పదిహేడు.
పద్దెనిమిదో చోట గుర్తు పెట్టిన గీత ఉంది,
ఉలి దిగలేదు.

"ఎవరు కొట్టారు?"
"గీ చేతులే."
"ఎందుకు ఆపేశారు?"

గడ్డం ఎత్తి చూపించాడు.
పై బండ నీడలో ఇంకో నీడ.
చూడగా చూడగా దానికి కొమ్ముల్లాంటి చెవులొచ్చాయి,
తర్వాత నారింజరంగు కన్ను,
రెండోది మూసుకునే ఉంది.

"ఇదేనా?"
"దీని అవ్వనో, అవ్వకు అవ్వనో.
పిల్లలుండె అప్పుడు, బూరు బూరుగ.
మేస్త్రీ కూలి కోసిండు.
ఇంట్ల రెండు దినాలు నాతోని ఎవరు మాట్లాడలె."

మంచి పని చేశావు సాయన్నా, అనబోయాను.
అతనప్పటికే నాలుగు అడుగులు దిగి ఉన్నాడు.
"పక్క గుట్ట మొత్తం మేమే కొట్టినం.
ఈ రోడ్డు కింది కంకర గదే.
అండ్ల గూడ ఉండెనేమో.
నేను తల ఎత్తలె."

నా దగ్గర జవాబు లేదు.
బూట్లో ఒక పలుకు రాయి దూరింది,
దాన్ని తియ్యకుండానే నడిచాను.

వేపచెట్టు దగ్గరికే వచ్చి చేరాం.
నీడ స్కూటీని వదిలేసి పక్కకు జరిగింది,
సీటు పెనంలా ఉంది.
చాయ్ పొంగుతోంది.
సాయన్న చొక్కా జేబు తడుముకున్నాడు అలవాటుగా,
ఈల చేతికి తగిలితే
దాన్ని చూసి మళ్లీ లోపల పెట్టేశాడు.

"యాభై ఎనిమిది నిమిషాలు పట్టింది" అన్నాను.
"రెండు బీడీలేనా ఇది?"

గ్లాసు ఊదుకుంటూ కాసేపు ఆలోచించాడు.
"నడుమ ఆగితిమి గదా" అన్నాడు.
"మూడు."